ఊడ్నదట్టా ట్రాక్ మీద మేమిద్దరం: రాళ్లు, దుమ్ము, వాన

దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా దాకా వెళ్లే ఊడ్నదట్టా ట్రాక్ సుమారు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు. పొడిగా ఉన్నప్పుడు అది అంత భయపడాల్సిన దారేమీ కాదు. బండిని ఆపేసేవి రెండే: రాళ్లు, వాన. మేమిద్దరం చేసుకున్న ఏర్పాట్లలో ముప్పాతిక వంతు ఆ రెండింటి కోసమే.

అద్దె బండి అయితే ముందు ఒప్పంద పత్రం పూర్తిగా చదవాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ అయినంత మాత్రాన మట్టిరోడ్డు ఎక్కనిస్తారని లేదు. ఈ ట్రాక్ పేరు రాసి, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం, వేరే బండి తగలకుండానే బోల్తా పడటం బీమాలోకి వస్తాయో రావో కూడా అడగాలి; చాలాసార్లు రావు. చీకట్లో నడపకూడదన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది. అది లేకపోయినా పొద్దుగూకాక నడపకపోవడమే మంచిది. అక్కడ పశువులకు కంచెలుండవు, కంగారూలు బయటికొచ్చేదీ ఆ వేళకే.

ఇక టైర్లు. తారురోడ్డు మీద 38 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉన్న గాలిని మారీలో 28కి దించాం. గాలి తగ్గితే టైరు గిబ్బర్ అనే, ఆ ఎడారి నేలంతా పరుచుకుని ఉండే పదునైన రాయి చుట్టూ వంగి దాటేస్తుంది. బిగుతుగా ఉంటే రాయి కోసేస్తుంది. అలాగని మరీ తగ్గిస్తే పక్కగోడ ఉబ్బి, వేడెక్కి, అక్కడే చీలుతుంది. లెక్క సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది: పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, గంటసేపు నడిపాక మళ్లీ కొలవాలి. 4 నుంచి 6 పీఎస్‌ఐ పెరిగితే సరే. అంతకంటే ఎక్కువ పెరిగితే గాలి చాల్లేదు, లేదా వేగమో బరువో ఎక్కువైంది. ఈ గాలితో గంటకు 80 దాటకూడదు. టైరు నడిమధ్యన గుచ్చుకున్న చిల్లుకు ప్లగ్ కిట్ (చిల్లులో రబ్బరు ముక్క దూర్చి మూసే సరంజామా) చాలు కానీ పక్కగోడ చీలితే అది పనికిరాదు. అందుకే స్టెప్నీలు రెండు ఉండాలి. జాకీ కింద పెట్టడానికి అడుగున్నర చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క లేకపోతే, మెత్తటి నేలలో బండి లేవదు, జాకీయే దిగబడుతుంది.

డీజిల్ గురించి అంత ఆందోళన అక్కర్లేదు. మారీ, విలియం క్రీక్, ఊడ్నదట్టా, మార్లా ఒక్కోటి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ప్రతిచోటా ట్యాంకు నింపేసుకుని, అదనంగా 20 లీటర్ల క్యాన్ ఒకటి ఉంచుకుంటే చాలు.

నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్లు లెక్కేసి, ఇద్దరికి 60 లీటర్లు మూడు క్యాన్లలో విడివిడిగా పెట్టాం. ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. వాటిని వెనక సీటు దగ్గర కింద పెట్టాలి, పైకప్పు మీద కాదు. అడ్డంగా చిన్నచిన్న గట్లు లేచిన రోడ్డు మీద కుదుపులకు పక్కపక్కనున్న కూల్‌డ్రింక్ డబ్బాలు ఒరుసుకుని చిల్లులు పడతాయి. మధ్యలో గుడ్డలు కుక్కాలి. ఆవకాయ గాజుసీసాలో వద్దు, బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. చిన్న ప్రెషర్ కుక్కర్ బరువనిపిస్తుంది గానీ, బియ్యం నానబెట్టి వండితే గ్యాసూ నీళ్లూ రెండూ ఆదా.

దుమ్ము లోపలికి రాకుండా ఏసీని బయటిగాలి మీద పెట్టి ఫ్యాన్ పెంచాలి. బండి లోపల ఒత్తిడి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. ఎదురుగా రోడ్ ట్రైన్ (వెనక చాలా ట్రైలర్లు తగిలించిన లారీ) వస్తే మాత్రం కాసేపు రీసర్క్యులేషన్‌కి, అంటే లోపలిగాలే తిరిగేలా మార్చి, ఎడమకు జరిగి నెమ్మదించండి. 50 మీటర్లకు మించిన పొడవుండే ఆ లారీల వెనక దుమ్ములో ఏమీ కనబడదు.

మారీకి దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో కౌవర్డ్ స్ప్రింగ్స్ క్యాంపు ఉంది. ఈ దారంతా భూగర్భం నుంచి ఉబికే ఊటల వెంటే సాగుతుంది. మూలవాసుల వర్తక దారి, 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ లైను, ‘ఘాన్’ అనే రైలు నడిచి, 1980లో మూసేసిన పాత మార్గం అన్నీ ఆ నీళ్లను పట్టుకునే వెళ్లాయి. ఆల్జెబకినా దగ్గర పాత రైలు వంతెన పక్కనున్న మడుగు ఒడ్డున కూడా బస చేయొచ్చు. అక్కడ వసతులేమీ ఉండవు, చెత్త మనమే మోసుకుపోవాలి. జూన్, జులై రాత్రులు బాగా చలి, సున్నా డిగ్రీలదాకా పడిపోవచ్చు.

వాన సంగతి వేరు. కొద్దిపాటి వానకే ఆ బంకమట్టి సబ్బులా జారుతుంది. రోడ్డు మూసేశారన్న బోర్డు దాటి వెళ్తే జరిమానా ఉంటుంది. బయల్దేరే రోజు పొద్దున ప్రభుత్వ రోడ్ల నివేదిక చూడటం, మూడు రోజుల తిండి అదనంగా ఉంచుకోవడం తప్పనిసరి. మధ్యలో చిక్కుకుంటే గట్టినేల చూసి ఆగిపోవాలి, వాగులో మాత్రం గుడారం వేయొద్దు. ఊళ్ల మధ్య ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ఫోన్, నమోదు చేయించిన పీఎల్‌బీ (ఆపదలో మనమున్న చోటును ఉపగ్రహం ద్వారా తెలిపే చిన్న పరికరం) వెంట ఉంచుకున్నాం. బండి చెడితే దాన్ని వదిలి నడిచి వెళ్లకూడదు. పైనుంచి వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి తొందరగా కనబడుతుంది.

మార్లాలో స్టువర్ట్ హైవే ఎక్కేముందు గాలి మళ్లీ 38కి నింపి, చక్రాల నట్లు బిగించి, పైకప్పు క్యారియర్ బోల్టులు చూసి, ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి.