ఊపిరితిత్తుల వెనుక మూత్రపిండాలు

2020 మార్చిలో న్యూయార్క్ ఆసుపత్రులకు కోవిడ్ రోగుల రాక రోజురోజుకూ పెరుగుతున్నప్పుడు, ఇది ఊపిరితిత్తుల జబ్బు కాబట్టి మూత్రపిండాల వైద్యులమైన మాకు పెద్దగా పని పడదని నేను నమ్మాను. ఆ నమ్మకానికి ఆధారం వూహాన్ నుంచి వచ్చిన లెక్కలు. అక్కడి టోంగ్జీ ఆసుపత్రిలో చేరిన 701 మందిని పరిశీలించిన వైద్యులు, వారిలో 5 శాతం మందికే చికిత్స సమయంలో మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నాయని రాశారు. అదే పత్రంలో మరో సంగతి కూడా ఉంది. చేరిన నాటికే, మూత్రపిండాలు నలుగుతున్నాయనడానికి గుర్తుగా, దాదాపు 44 శాతం మంది మూత్రంలో ప్రొటీన్, దాదాపు 27 శాతం మంది మూత్రంలో రక్తకణాలు కనిపించాయి. నేను మొదటి అంకె చదివి ఊరట పొందాను. రెండో అంకె దగ్గర ఆగలేదు. ఆగి ఉండవలసింది.

ఏప్రిల్ మొదటి వారానికి మా ఆసుపత్రిలో ఐసీయూలు చాలక, ఆపరేషన్ తర్వాత రోగులను ఉంచే గదులు కూడా వెంటిలేటర్లతో నిండిపోయాయి. ఆ గదులన్నిటి నుంచీ మాకు పిలుపులు వచ్చేవి. క్వీన్స్‌లో టాక్సీ నడుపుకునే యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఒకరు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నారు. మూత్రపిండాలు వడపోసి బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం, చేరిన రోజు ఆయన రక్తంలో 1.1 ఉంది, అంటే మామూలే. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన మర్నాడు అది 2.2 అయింది, ఆ మరుసటి రోజు 3.8. మంచానికి వేలాడుతున్న మూత్రపు సంచిలో పన్నెండు గంటలకు కలిపి అరగ్లాసు కూడా లేదు, ఉన్నది కూడా డికాషన్ రంగులో ఉంది. ఆ వారంలో అలాంటి సంచులను నేను ఎన్ని చూశానో లెక్క పెట్టుకోలేదు.

లెక్క పెట్టినవారు ఉన్నారు. న్యూయార్క్ పరిసరాల్లో నార్త్‌వెల్ అనే సంస్థకు చెందిన 13 ఆసుపత్రులలో మార్చి 1 నుంచి ఏప్రిల్ 5 వరకు చేరిన 5,449 మంది వివరాలను అక్కడి మూత్రపిండాల వైద్యులు కూర్చి చూడగా, 36.6 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ మొత్తంలోని చీలిక: వెంటిలేటర్ అవసరం పడనివారిలో దెబ్బతిన్నవారు 21.7 శాతం కాగా, వెంటిలేటర్ మీదికి వెళ్ళినవారిలో 89.7 శాతం. డయాలసిస్ అవసరమైనవారిలో నూటికి తొంభై ఆరుగురికి పైగా వెంటిలేటర్ మీద ఉన్నవారే. మౌంట్ సైనాయ్ ఆసుపత్రులలోని 3,993 మందిలో ఈ దెబ్బ 46 శాతం మందికి తగిలింది. ఊపిరితిత్తులు కూలిన గంటల్లోనే మూత్రపిండాలు కూలడం మేము ప్రతి గదిలోనూ చూశాము. ఈ అంకెలు మేము చూసినదాన్నే చెప్పాయి.

మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఎప్పుడు అంటాము? 2012 నుంచి ప్రపంచమంతటా వాడుతున్న కొలత ప్రకారం, రక్తంలో క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, ఏడు రోజుల్లో మామూలు స్థాయికి ఒకటిన్నర రెట్లు అయినా, లేదా ఆరు గంటల పాటు గంటకు శరీరపు బరువులో కిలోకు అర మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం వచ్చినా దాన్ని ఎక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. క్రియాటినిన్ ఆలస్యంగా కబురందించే దూత: దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గాని రక్తంలో దాని అంకె పైకి లేవదు. మూత్రం తగ్గడం మాత్రం అదే రోజున తెలుస్తుంది. అందుకే మూత్రాన్ని గంటగంటకూ కొలిచి రాసే నర్సు చేతిలోని కాగితానికి, ప్రయోగశాల నివేదిక కంటే ఎక్కువ విలువ ఇవ్వడం నేను ఆ వసంతంలోనే నేర్చుకున్నాను.

వైరస్ నేరుగా మూత్రపిండాలలోకి చొరబడిందా అన్న ప్రశ్న ఆ ఏడాది మా వైద్యుల మధ్య చాలా చర్చకు వచ్చింది. వైరస్ పట్టుకుని లోపలికి వెళ్ళే ఏస్-2 అనే ప్రొటీన్ మూత్రపిండాలలోని సన్నని నాళికల కణాల మీద దండిగా ఉంటుంది కాబట్టి అనుమానం సహజమే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించిన గుండ్రని రేణువులను కొందరు వైరస్ అన్నారు, మరికొందరు అవి కణాలలో మామూలుగా ఉండే సంచులేనని వాదించారు. నా అభిప్రాయంలో ఆ వాదన కంటే బయాప్సీలు, అంటే మూత్రపిండపు చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు, ఎక్కువ చెప్పాయి. వాటిలో తరచుగా కనిపించినది నాళికల గోడలు దెబ్బతినడం, అంటే రక్తం సరిగా అందని ఏ పెద్ద జబ్బులోనైనా మేము చూసే గాయమే. దానికి కారణాలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఇంట్లో వారం పదిరోజులు జ్వరంతో, విరేచనాలతో, తిండి సయించక పడి ఉన్న మనిషి ఒంట్లో నీరు ఇంకిపోయి ఆసుపత్రికి వస్తాడు. ఒళ్ళు నొప్పులకు ఇబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకుని ఉంటే మూత్రపిండాలకు వెళ్ళే రక్తనాళాలు అప్పటికే ముడుచుకుని ఉంటాయి. ఆసుపత్రిలో మేము, ఊపిరితిత్తులలో నీరు చేరకూడదన్న భయంతో, సెలైన్ తగ్గించి మూత్రం పోయే ఇంజెక్షన్లు ఇచ్చాము. వెంటిలేటర్ ఒత్తిడికి ఛాతీలోకి తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలలోని సిరలలో రక్తం నిలిచిపోతుంది. దీనికి తోడు రక్తపోటు పడిపోవడం, ఒళ్ళంతా ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు), చిన్న నాళాలలో గడ్డలు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, మధుమేహంతో ముందే నలిగి ఉన్న మూత్రపిండాల మీద ఇవన్నీ కలిసి పడ్డాయి.

ఒంట్లో నీరు లేని మనిషికి నీరు తీసే మందు ఇవ్వడం తప్పని పాఠ్యపుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. మేము భయంలో ఆ మాటను పక్కన పెట్టాము. కొన్ని వారాల తర్వాత మా యూనిట్‌లో ప్రతి రోగినీ విడిగా పరీక్షించి నీరు ఎంత కావాలో నిర్ణయించడం మొదలుపెట్టాము. ఆ ఆలస్యం గురించి నాకు ఇప్పటికీ బాధ ఉంది.

వేరే రకం రోగం ఒకటి కూడా ఉంది. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వారిలో కొందరికి ఏపీఓఎల్-1 అనే జన్యువులో రెండు మార్పులు ఉంటాయి. అలాంటివారిలో కోవిడ్ సోకినప్పుడు మూత్రపిండపు వడపోత ముడులు కుప్పకూలి, మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయేది. శ్వాస ఇబ్బంది పెద్దగా లేకుండానే ఇలా వచ్చినవారు ఉన్నారు.

ఇక డయాలసిస్ కరువు. వెంటిలేటర్లు చాలవేమోనని ప్రపంచమంతా మాట్లాడుకుంటున్నప్పుడు, మాకు ఇరవైనాలుగు గంటలూ నెమ్మదిగా నడిచే డయాలసిస్ యంత్రాలు, వాటిలో వాడే ద్రవాల సంచులు, వాటిని నడపగల నర్సులు, ఈ మూడూ ఒకేసారి తరిగిపోయాయి. రోజంతా ఒకరికి నడపవలసిన యంత్రాన్ని పది పన్నెండు గంటలు నడిపి, శుభ్రం చేసి, పక్క గదికి తోసుకుపోయేవాళ్ళము. పైగా ఈ రోగుల రక్తం ఎంత చిక్కబడేదంటే, మూడు రోజులు పనిచేయవలసిన ఫిల్టర్ కొన్ని గంటలకే గడ్డకట్టి మూసుకుపోయేది, యంత్రంలో ఉన్న రక్తం కాస్తా పోయేది. న్యూయార్క్‌లో బెల్‌వ్యూ వంటి ఆసుపత్రులు పొట్టలో గొట్టం వేసి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌ను మళ్ళీ ఐసీయూలోకి తెచ్చాయి. ద్రవాల కొరత తీర్చడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏప్రిల్ 30న విదేశీ ద్రవాలకు అత్యవసర అనుమతి ఇచ్చింది. డయాలసిస్‌ను తొందరగా మొదలుపెట్టి ఉంటే కొందరు దక్కేవారేమో అన్న ఆలోచన నన్ను నిద్రపోనిచ్చేది కాదు. ఆ జూలైలో మూడు వేల మందికి పైగా రోగులపై జరిగిన స్టార్ట్-ఏకేఐ పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. కోవిడ్‌కు ముందు చేరిన రోగుల మీద జరిగినదే అయినా, తొందరపడి మొదలుపెట్టినంత మాత్రాన మరణాలు తగ్గవని, పైగా బతికినవారిలో డయాలసిస్ మీద మిగిలిపోయేవారు పెరుగుతారని అది చూపింది. అది చదివిన రాత్రి కొంత తేరుకున్నాను.

2021 వేసవిలో ఇదే కథ మా ఇంటికి మరో రూపంలో వచ్చింది. గుంటూరులో మా మేనమామ కోవిడ్ నుంచి తేరుకుంటూ ఉండగా బ్లాక్ ఫంగస్ సోకింది. తెలంగాణలో హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయిన రోజులవి. ఆ ఫంగస్‌కు ఇచ్చే మందులో మూత్రపిండాలకు తక్కువ హాని చేసే రకమైన లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బజారులో దొరకక, పాత రకం యాంఫోటెరిసిన్ ఎక్కించారు. అది మూత్రపిండాల రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, నాళికలను గాయపరుస్తుంది, పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతాయి. "బావా, క్రియాటినిన్ 2.4 అంటున్నారు, మందు ఆపెయ్యమని అడగనా?" అని మామయ్య కొడుకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ఆపితే ఫంగస్ కంటికి, మెదడుకు పాకుతుంది, ఆపకపోతే మూత్రపిండాలు. "ఆపవద్దు. మందుకు ముందు సెలైన్ పెట్టమని అడుగు, పొటాషియం రోజూ చూడమను, లైపోసోమల్ రకం కోసం వెతుకుతూనే ఉండు" అని చెప్పాను. ఆరు రోజులకు దొరికింది. ఆయన పాత క్రియాటినిన్ ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు మెల్లగా పాడైపోవడం తెలిసిన మనకు, పాత అంకె ఒకటి ఇంట్లో ఉండడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. అది లేకపోతే వచ్చింది కొత్త దెబ్బో పాత జబ్బో తేల్చుకోవడానికే రోజులు పడతాయి.

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచినది ఇళ్ళకు వెళ్ళినవారి గురించి. మౌంట్ సైనాయ్ లెక్కలో మూత్రపిండాలు దెబ్బతిని బతికి బయటపడ్డవారిలో 35 శాతం మంది, డిశ్చార్జి అయిన రోజుకు పాత స్థాయికి రాలేదు. నార్త్‌వెల్‌లో డయాలసిస్ దాకా వెళ్ళిన పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది మరణించారు; మిగిలినవారిలో మూడోవంతుకు దగ్గరగా ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా డయాలసిస్ మీదే ఉన్నారు. ప్రాణం దక్కిందన్న సంతోషంలో డిశ్చార్జి కాగితం మీద క్రియాటినిన్ అంకె ఎవరూ చూడరు. మూడు నెలలకు ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలని, మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి కొనుక్కోకూడదని ఆ కాగితం మీద నేనే చేత్తో రాయడం అలవాటు చేసుకున్నాను. ఫ్లూతో చేరినవారికి కూడా అదే రాస్తున్నాను.

టాక్సీ నడిపే ఆయన పదిహేడు రోజులు డయాలసిస్ మీద ఉన్నారు. పద్ధెనిమిదో రోజు ఉదయం సంచిలో రెండు వందల మిల్లీలీటర్లు ఉందని నర్సు నన్ను వరండాలో ఆపి చెప్పింది. నేను గదిలోకి వెళ్ళి ఆ సంచిని చేత్తో పట్టుకుని చూశాను, ద్రవం లేత పసుపు రంగులో ఉంది. ఇప్పుడు ఆయన క్రియాటినిన్ 1.6 దగ్గర నిలిచింది. ప్రతి ఆరు నెలలకూ వస్తారు, రక్తపోటు రాసుకున్న చిన్న పుస్తకం జేబులోంచి తీసి నా బల్ల మీద పెడతారు.