చువ్వకి గుచ్చిన చీటీ

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. పద్దులు తప్ప ఇంకేమీ రాసే అలవాటు లేదు. మొన్న మా చర్చి కుర్రాడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నా, నేను చేసిన పనికి దేవుడు నన్ను వదిలేశాడు" అని ఏడ్చాడు. వాడికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది.

2013 మార్చి. సీజను ఊపు మీద ఉంది. పల్నాడు వైపు నుంచి ఒక పెద్దాయన 61 టిక్కీల (బస్తాల) మిరపకాయలు తెచ్చాడు. రాత్రంతా టిక్కీల మీదే పడుకున్నాడు. పొద్దున కాటా దగ్గర బరువులు రాసింది నేనే. కొన్నవాళ్ల లెక్కలో సరైన బరువు వేసి, రైతుకిచ్చే లెక్క చీటీ, అదే తక్‌పట్టీలో, టిక్కీకి కిలో చొప్పున తగ్గించాను. క్వింటా 6,000 లెక్కన 3,660 రూపాయలు నా జేబులోకి వచ్చాయి. బండి కిస్తీ రెండు నెలలు ఆగి ఉంది, అంతే కారణం. అమ్మ ఆపరేషనో, పిల్లల జబ్బో అయితే చెప్పుకోడానికైనా బాగుండేది.

పెద్దాయనకి చదువు రాదు. నోట్లు లెక్కపెట్టుకుని తలగుడ్డ చెంగులో ముడేసుకున్నాడు. "నువ్వు రాశాక ఇంక చూసేదేముంది అబ్బాయ్" అని, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న వేరుశనక్కాయలు దోసెడు నా బల్ల మీద పోసి వెళ్లాడు. ఆ కాయలు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. చివరికి ఊడ్చే ఆమె పట్టుకెళ్లింది.

మాది లూథరన్ సంఘం, 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చాక పుట్టిన చెట్టుకి ఒక కొమ్మ. ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు అందరితో కలిసి గడగడా చెప్పేవాణ్ణి. ఆ మార్చి తర్వాత పెదాలు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ప్రభువు బల్ల సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం మరీ కష్టం. అయోగ్యంగా తిని తాగేవాడు తనకే శిక్ష తెచ్చుకుంటాడని కొరింథీ పత్రికలో ఉంది కదా, ఆ ఒక్క మాట పట్టుకున్నాను. రొట్టె పంచే వేళకి ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయేవాణ్ణి. ఇలా ఏళ్ల తరబడి. నాకు బయటేదో వ్యవహారం ఉందని మా ఆవిడ అనుమానం.

శుక్రవారాలు ఉపవాసం పట్టాను. ఒక ఫిబ్రవరిలో, లూథరన్‌ని అయ్యుండి, కేథలిక్కుల గుణదల మేరీమాత తిరునాళ్లకి వెళ్లి చెప్పుల్లేకుండా కొండ మీద సిలువ దాకా ఎక్కాను. కాళ్లు బొబ్బలెక్కాయి, లోపల ఏమీ మారలేదు. తప్పు కొండది కాదు. బాకీ పల్నాడులో ఉంటే నేను బెజవాడలో కొండెక్కుతున్నాను.

2017లో మిర్చి ధర కుప్పకూలింది. ఆ సీజన్లో యార్డులో రైతుల ముఖాల్లోకి చూడలేకపోయేవాణ్ణి. తలగుడ్డ కనబడితే చాలు, ఆ పెద్దాయనే. ఆఖరికి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న బైబిల్లోని జక్కయ్య లెక్క ప్రకారం, 14,640 రూపాయలు కవర్లో పెట్టుకుని బస్సెక్కాను. పెద్దాయన పోయి ఏడాది దాటిందట. కొడుకు పొలంలో ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. 3,660 లెక్కపెట్టి తీసుకుని మిగతాది నా చొక్కా జేబులో కుక్కాడు. "మా నాయన కష్టం మాకిచ్చావ్. నాలుగంతలు మాకెందుకు? ఇంక పో" అన్నాడు. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. మోటారు ఆన్ చేసి గట్టు మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మా షావుకారుకీ చెప్పాను. "బయట అనకు, కొట్టు పేరు పోద్ది" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పడుతుందనుకున్నాను. పట్టలేదు. ఆ రాత్రే కాదు, ఆ తర్వాత కూడా. మనిషి పోయాక ఇచ్చావు, నీ బతుకే దొంగ బతుకు, దేవుడు నీ వైపు చూడడు. ఇదే మాట. ఆ కొడుకు ఇవ్వని రసీదు కోసం దాదాపు రెండేళ్లు ఎదురుచూశాను. పైగా ఆ బాధ భక్తే అనుకున్నాను, అది ఇంకా ఘోరం.

2019లో మా పాస్టర్ అయ్యగారు కారం పట్టించడానికి ఐదు కిలోల కాయలు కావాలని కొట్టుకి వచ్చారు. అప్పటికి మా ఆవిడకి అంతా చెప్పేశాను. ఆమె పాస్టరమ్మగారికి చెప్పింది, అంటే అయ్యగారికి తెలిసినట్టే. ఘాటుకి దగ్గుతూ కూర్చుని, మా సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ కూడా మఠంలో ఉన్న రోజుల్లో ఇంతేనన్నారు. గంటల తరబడి పాపాలు ఒప్పుకుని బయటికొచ్చి, ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ లోపలికి వెళ్లేవాడట. అవి వినే మఠం పెద్ద స్టౌపిట్జ్‌కి విసుగొచ్చేసిందట. అలా చెబుతూనే నా బల్ల మీది ఇనుప చువ్వ చూపించి, "అదేంటి?" అన్నారు.

"తీరిపోయిన చీటీలు గుచ్చుతామండీ."

"గుచ్చాక మళ్లీ తీస్తారా?"

"ఆడిట్ అప్పుడు తప్ప తీయమండీ."

"మరి నువ్వు రోజూ రాత్రి తీస్తున్నావుగా."

పాస్టర్లకి ప్రతిదీ ప్రసంగమే. నాకు చిరాకేసింది. మన మీద ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడని కొలొస్సయి 2:14 చదివి, కాయల సంచి పట్టుకుని వెళ్లిపోయారు.

కానీ ఆ రోజు కొట్టు కట్టేసే ముందు చాలాసేపు ఆ చువ్వ వైపే చూస్తూ కూర్చున్నాను. చీటీ అన్నాక పేరు, ఊరు, సరుకు, మొత్తం ఉంటాయి. మొదట్లో నన్ను పొడిచిన మాటకి అవన్నీ ఉన్నాయి. ఫలానా పెద్దాయన, ఫలానా ఊరు, 61 కిలోలు, 3,660. అందుకే బస్సెక్కగలిగాను. పరిశుద్ధాత్మ వచ్చి లోకాన్ని ఒప్పుకొనజేస్తాడని యోహాను సువార్తలో ఉన్నది అదేననుకుంటా. తర్వాత రాత్రుళ్లు వస్తున్న గొంతుకి పేరూ లేదు, మొత్తమూ లేదు. ఎవరికి కట్టాలో చెప్పదు, ఎంత కడితే తీరుతుందో చెప్పదు. అలాంటి కాగితం కొట్టుకొస్తే నేనే చింపి పారేస్తాను. "ఏ శిక్షావిధియు లేదు" అన్న రోమా 8:1 సండేస్కూల్లో కంఠస్థం చేసి పెన్సిల్ బాక్సు గెలుచుకున్నవాణ్ణి. ఆ "ఏ" అన్న అక్షరం నలభై దాటాక కనబడింది.

ఇప్పటికీ ఆ గొంతు అప్పుడప్పుడూ వస్తుంది తమ్ముడూ. ఎవరి పేరు మీద, ఎంత అని అడుగుతాను. జవాబుండదు. నీ దాంట్లో పేరూ మొత్తమూ ఉంటే మాత్రం వెళ్లి ఇచ్చేసి రా, తోడు నేనూ వస్తా.

అదే 2019లో గుడ్‌ఫ్రైడే ముందురోజు, ఏప్రిల్ 18 సాయంత్రం, యార్డు నుంచి తిన్నగా ఆరాధనకి వెళ్లాను. ఆరేళ్ల తర్వాత బలిపీఠం ముందు మోకరించాను. అయ్యగారు రొట్టె అరచేతిలో పెట్టారు. తిన్నాక, తెలియకుండానే అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఎన్నిసార్లు కడిగినా యార్డు చేతికి కారం పోదు. భగ్గుమంది. నీళ్లు ధారగా కారిపోతుంటే పక్కన మోకరించిన పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "స్తోత్రం ప్రభువా" అన్నారు. సగం కారమేనని ఆయనకి చెప్పలేదు.