రెండో తీగ దగ్గర ఆగిపోయాను: ఓపెన్ జీ ట్యూనింగ్‌తో నా అనుభవం

ఆరేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. అన్నేళ్లూ ఒకటే ట్యూనింగ్: ఈ–ఏ–డీ–జీ–బీ–ఈ. గిటార్ ఒళ్లోకి తీసుకోగానే వేళ్లు వాటంతట అవే జీ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీదికో, ఈ మైనర్ మీదికో వెళ్లిపోయేవి. కొత్తగా ఏదైనా కడదామని కూర్చుంటే పది నిమిషాల్లో అది నా పాత ట్యూన్లలో కలిసిపోయేది. చెవి ఇంకేదో కోరుకుంటోంది, వేళ్లేమో తెలిసిన దారి వదలడం లేదు. ఆ విసుగులోనే ఓపెన్ ట్యూనింగ్ పట్టుకున్నాను. ఏ ఫ్రెట్టూ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) నొక్కకుండా తీగలన్నీ మీటితే, అదే పూర్తి కార్డ్‌గా పలికేలా శ్రుతి చేయడం అన్నమాట.

మొదట ఓపెన్ ఈ ప్రయత్నించాను. అందులో (సన్న తీగ ఒకటోది, లావుది ఆరోది అని లెక్క) అయిదో తీగనీ నాలుగో తీగనీ రెండేసి ఫ్రెట్లంత, మూడో తీగని ఒక ఫ్రెట్ అంత పైకి బిగించాలి. నా తీగలు వేసి చాలా నెలలైంది. మూడో తీగ జీ షార్ప్‌కి ఇంకాస్త దూరంలో ఉందనగా ఠప్పున తెగి చేతి మీద గీసుకుంది. ఓపెన్ డీలోనూ తీగల మధ్య దూరాలు అచ్చం అవేననీ, అన్నీ రెండు ఫ్రెట్లు కిందికి ఉంటాయి కాబట్టి వదులు చేస్తే చాలనీ తర్వాత తెలిసింది. పాత తీగలున్నవాళ్లు దయచేసి వదులు చేసే ట్యూనింగ్‌తోనే మొదలుపెట్టండి.

కొత్త సెట్ వేశాక ఓపెన్ జీకి వచ్చాను. ఒకటో తీగ, అయిదో తీగ, ఆరో తీగ, ఈ మూడింటినీ రెండేసి ఫ్రెట్లు దించాలి. అప్పుడు లావు తీగ నుంచి వరసగా డీ–జీ–డీ–జీ–బీ–డీ అవుతుంది. హవాయి దీవుల్లో గిటార్ వాయించేవాళ్లకి ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. తీగలు బిగించే కీలను వదులు చేసి వాయిస్తారు కాబట్టి వాళ్ల శైలికి స్లాక్ కీ అని పేరు. ఈ ఓపెన్ జీని వాళ్లు టారో ప్యాచ్ అంటారు, అంటే చేమమడి. ఆ పేరు నాకు భలే నచ్చింది.

మధ్య మూడు తీగల్ని ముట్టుకోనక్కర్లేదు అనుకున్నాను. కానీ మిగతా మూడూ దించేసరికి ఇవి కాస్త పైకి పోయాయి. రెండు ఫ్రెట్లు దించితే ఒక తీగ బిగువు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. నెక్ (గిటార్ మెడ) మీద లాగుడు తగ్గి అది కొంచెం వెనక్కి వాలుతుంది, దాంతో మిగిలిన తీగలు బిగుస్తాయి. అందుకని ఒక్కసారితో పని అవదు. ఆరు తీగలూ రెండు మూడు సార్లు చూసుకోవాలి. ఇంకో మాట: దించేటప్పుడు కావలసిన స్వరం దాటి కాస్త కిందికి తీసుకెళ్లి, అక్కడి నుంచి బిగిస్తూ పైకి రావాలి. లేదంటే రెండు పాటలు వాయించేలోపే తీగ మళ్లీ జారిపోతుంది.

అంతా అయ్యాక ఆరు తీగలూ ఒక్కసారి మీటాను. గది నిండిపోయింది. కానీ ఎక్కడో నిలకడ లేదు. కార్డ్ కూర్చోవడం లేదు, నిలబడి ఉన్నట్టుంది. కాగితం తీసుకుని స్వరాలు రాసుకున్నాక గానీ అర్థం కాలేదు. జీని షడ్జం అనుకుంటే ఆరో తీగ నుంచి వరసగా పా–సా–పా–సా–గా–పా. అన్నిటికన్నా కింద మోగేది పంచమం! పైగా ఆ లావు తీగ వదులై, గట్టిగా మీటితే ఫ్రెట్లకు కొట్టుకుని జరజరమంటోంది. అయిదో తీగ నుంచి మీటడం మొదలుపెట్టాను, కార్డ్ కుదురుకుంది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ ఆరో తీగ పూర్తిగా తీసేసి అయిదు తీగలతో ఓపెన్ జీ వాయిస్తారని ముందే విన్నాను. ఆయన దాన్ని ఎందుకు తీసేస్తారో ఆ రోజు తెలిసింది. నేను మాత్రం తీయలేదు. నెమ్మదిగా బొటనవేలితో తాకితే ఆ కింది పంచమం ఇచ్చే లోతు వేరు.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. మూడో తీగ ఒక్కటే మీటి, వెంటనే వేలితో ఆపేశాను. శబ్దం ఆగలేదు. అదే స్వరం సన్నగా వినబడుతూనే ఉంది. చెవి పెట్టి చూస్తే మోగుతున్నది అయిదో తీగ. దాన్ని నేను ముట్టుకోనే లేదు. అది కింది షడ్జం, మూడోది దాని పై షడ్జం. 98 హెర్ట్జ్‌కి సరిగ్గా రెట్టింపు 196. పై తీగ కదిపితే కింది తీగ తనంతట తనే పలుకుతోంది. ఆ ఒక్క పనే మళ్లీ మళ్లీ చేస్తూ చాలాసేపు కూర్చున్నాను.

కార్డ్‌ల సంగతి త్వరగానే తేలింది. వేలు అడ్డంగా వేసి అయిదో ఫ్రెట్ నొక్కితే సీ, ఏడోది నొక్కితే డీ, పన్నెండోది నొక్కితే మళ్లీ జీ. మూడు కార్డ్‌ల పాటలు గంటలో వచ్చేశాయి. వారం తిరిగేసరికి అంతా మేజర్‌గానే, అంటే అంతర గాంధారంతోనే, ఉందని మొహం మొత్తింది. ఆరు, నాలుగు, ఒకటి తీగల మీద రెండో ఫ్రెట్ నొక్కితే నిండైన ఈ మైనర్ దొరుకుతుందని కనిపెట్టాక ఊపిరాడింది.

నన్ను అసలు ఆపేసింది రెండో తీగ. ఆరింటిలో గాంధారం అదొక్కటే. ట్యూనర్‌లో (శ్రుతి కొలిచి చూపే పరికరం) పచ్చ లైటు వెలిగేలా సరిగ్గా పెట్టినా, కార్డ్ మోగుతుంటే లోపల ఏదో వణుకు. రెండు, మూడు తీగలు మాత్రమే మీటి విన్నాను. సెకనుకు ఏడెనిమిది సార్లు గబగబా అలలు. కీని వెంట్రుకవాసి వదులు చేశాను, అలలు నెమ్మదించాయి. ఇంకాస్త తగ్గిస్తే అసలు లేవు. కార్డ్ తేటనీళ్లలా నిలిచింది. ట్యూనర్ మాత్రం 14 సెంట్లు (ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువ అని చూపిస్తోంది. తప్పు ట్యూనర్‌దీ కాదు, చెవిదీ కాదు. ఫ్రెట్లు షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. ఆ లెక్కలో బీ 246.9 హెర్ట్జ్. షడ్జంతో కలిసిపోయే అంతర గాంధారం 5:4 నిష్పత్తిలో 245 దగ్గర ఉంటుంది.

ఆ తేటదనం చూశాక వెనక్కి వెళ్లలేననుకున్నాను. అడ్డవేలి కార్డ్‌లన్నీ ఏ ఫ్రెట్‌లోనైనా అలాగే అందంగా ఉన్నాయి, ఎందుకంటే తీగల మధ్య దూరాలు మారవు. కానీ రెండో తీగ మొదటి ఫ్రెట్ నొక్కి సీ కార్డ్ పట్టగానే చెవి ముడుచుకుపోయింది. అక్కడ సీయే ఆధారం, అదే 14 సెంట్లు కింద ఉంది. ఇప్పుడు పాటను బట్టి నిర్ణయించుకుంటున్నాను. స్లైడ్‌తోనో (తీగల మీద జరిపే గొట్టం) అడ్డవేలితోనో వాయించేదైతే చెవి చెప్పినట్టు, విడివిడి వేళ్ల కార్డ్‌లుంటే మధ్యస్థంగా ఓ ఏడు సెంట్లు తగ్గించి.

ఈ వారం రెండో తీగను ఇంకో ఫ్రెట్ దించి సాధారణ గాంధారం చేశాను, ఓపెన్ జీ మైనర్. మొదటి ఫ్రెట్ మీద ఒక్క వేలు పెడితే మేజర్, తీస్తే మైనర్. ఈసారి చెవి ట్యూనర్ గీత కన్నా పైకి అడుగుతోంది. చెవి మాట విని బిగిస్తే మైనర్ తేటగా కలిసిపోతోంది, కానీ వేలు పెట్టగానే మేజర్ గాంధారం మరీ పైకి పోతోంది. రెండూ ఒకే పాటలో కావాలి నాకు. ఇంకా ఆ కీ మీదే చెయ్యి ఉంది.