లంబసింగి దారిలో కాలిన బ్యాగు, ఆ తరువాత నేను సామాను కడుతున్న పద్ధతి

నర్సీపట్నం దాటి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు వేడెక్కాయేమోనని భయపడి మోటారుసైకిలు పక్కకు తీసి చూస్తే, హైదరాబాదులో వెనక సీటు మీద నిలువుగా కట్టిన బ్యాగు కుడివైపుకు ఒరిగి సైలెన్సర్ మీద పడుకొని ఉంది. దాని అడుగు మూల అరచేతి వెడల్పున కరిగి, నల్లని జిగురులా లోహానికి అంటుకుపోయింది. ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చిన స్వెట్టరు చేయి గోధుమరంగుకు మాడి, పట్టుకుంటే పొడిగా రాలుతోంది. బ్యాగును పట్టి ఉంచవలసిన రెండు బంగీ తాళ్ళలో ఒకటి కొక్కెంతో సహా ఎక్కడో ఊడి పడిపోయింది, రెండవది వెనక చక్రానికి బెత్తెడు దూరంలో వేలాడుతోంది. చున్నీయో చీరకొంగో చక్రంలో చుట్టుకొని మనుషులు పడిపోయిన వార్తలు మనం పత్రికలలో తరచుగా చదువుతూనే ఉంటాం. ఆ తాడు చైనులో చిక్కుకొని ఉంటే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి ఉండేది, ఆ మలుపు పక్కన లోయ ఉంది.

పైన ఊళ్ళో టీ కొట్టు నడుపుతున్న పెద్దాయన నా బ్యాగును చూసి, లోపలి నుంచి కొబ్బరి పీచు తాడు తెచ్చి ఇచ్చారు. "సాగే తాడుతో కడితే సరుకు నిలవదు బాబూ, గతుకు వచ్చినప్పుడల్లా అది సాగుతుంది, సరుకు జరుగుతుంది" అంటూ తన బండిని చూపించారు. దానికి రెండు వైపులా చెరొక పాల క్యాను, వెనక చక్రపు ఇరుసుకు దగ్గరగా, కిందికి వేలాడుతూ ఉన్నాయి. రెండింటిలో పాలు సమానంగా లేని రోజున తేలికగా ఉన్న క్యానులో నీళ్ళ సీసాలు పెట్టుకుంటానని కూడా చెప్పారు. దూరప్రయాణాల వాళ్ళు వేలు పోసి కొనే, సీటుకు రెండు వైపులా వేలాడే శాడిల్ బ్యాగుల వెనక ఉన్న సూత్రమంతా ఆ రెండు క్యాన్లలో ఉంది. పాడేరు మీదుగా అరకు చేరేవరకు ఆయన కట్టిన ముడి అంగుళం కూడా కదలలేదు.

అప్పటి నుంచి సామాను ఎంత అన్నదానికంటే ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్న ప్రశ్నకే నేను ఎక్కువ సమయం ఇస్తున్నాను. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి బరువు 195 కిలోలు. దాని మీద 20 కిలోల సామాను పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఆ 20 కిలోలు ఇరుసుకు వెనకగా, ఎత్తుగా ఉన్నప్పుడు, తూగుడుబల్ల మీద ఒక చివర పిల్లవాడు కూర్చుంటే రెండవ చివర లేచినట్లుగా, ముందు చక్రం మీది భారం తగ్గిపోతుంది. అప్పుడు హ్యాండిల్ తేలికైపోతుంది, లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి తాకిడికి బండి తల ఊపుతుంది. వెనక క్యారియర్ మీద పెద్ద పెట్టె నింపుకొని గోదావరి వంతెన మీద అడ్డగాలిలో ఒకసారి నడిపాను. చేతులు బిగుసుకుపోయి, కొవ్వూరు వైపు నుంచి రాజమండ్రి వైపుకు చేరేవరకు ఊపిరి సరిగా ఆడలేదు. ఆ పెట్టెలో ఇప్పుడు రెయిన్‌కోటు, చేతి తొడుగులు తప్ప మరేమీ పెట్టను.

బయలుదేరే ముందు రాత్రి ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద ఒక్కొక్క బ్యాగు పట్టుకొని నిలబడి, వచ్చిన అంకెలోంచి నా బరువు తీసేసి కాగితం మీద రాసుకుంటాను. ఎడమ, కుడి సంచుల మధ్య తేడా అర కిలో దాటితే సర్దుతాను. పనిముట్లు, విడి ట్యూబు, టైరు విప్పే ఇనుప పట్టీలు, నీళ్ళ సీసాలు, చైన్ ఆయిల్ వంటి బరువైనవన్నీ పక్క సంచుల అడుగున, రైడరు వైపుగా ఉంటాయి. బట్టలు, దుప్పటి సీటు మీద అడ్డంగా పడుకోబెట్టిన పొడవాటి సంచిలోకి వెళతాయి. నిలువుగా నిలబెట్టిన సంచి ఎప్పటికైనా ఒరుగుతుంది కాబట్టి దానిని పూర్తిగా మానేశాను. ఎడమవైపు చీర చక్రంలో పడకుండా ఆపే శారీ గార్డు ఉన్నందున సంచి చక్రంలోకి పోదు. కుడివైపు మాత్రం సైలెన్సరుకు, సంచికి మధ్య నాలుగు వేళ్ళు దూరేంత ఖాళీ ఉండేలా ఇనుప చట్రం బిగించుకున్నాను. బరువు పడ్డాక షాక్ అబ్జార్బర్లు దిగుతాయి కాబట్టి ఆ ఖాళీని సామాను అంతా ఎక్కించి, నేను సీటు మీద కూర్చున్న తరువాత మరొకరి చేత చూపించుకుంటాను.

వీపు మీద బ్యాక్‌ప్యాక్ వేసుకొని వందల కిలోమీటర్లు నడిపే మిత్రులు చాలామంది ఉన్నారు. దయచేసి మానండి. మధ్యాహ్నానికల్లా భుజాలు లాగుతాయి. పైగా వెల్లకిలా పడినప్పుడు అందులోని తాళమో ఛార్జరో నేరుగా వెన్నుపూసకు తగులుతుంది.

కట్టడానికి ఇప్పుడు నేను వాడేవి బకిల్‌తో బిగించే నైలాన్ పట్టీలు. పట్టీని బండి చట్రానికే కట్టాలి, ఇండికేటరు కాడకో మడ్‌గార్డు రేకుకో కాదు. బిగించాక మిగిలిన కొసను చుట్ట చుట్టి దాని కిందకే దోపాలి. పని పూర్తయ్యాక సంచిని రెండు చేతులతో పట్టుకొని గట్టిగా ఊపినప్పుడు సంచి ఊగకుండా బండి మొత్తం ఊగితే కట్టు సరిగా పడినట్లు. వెనక లైటు, నంబరు ప్లేటు కనబడుతున్నాయో లేదో వెనక్కి పది అడుగులు నడిచి చూసుకోవాలి.

చాలామంది మరచిపోయే విషయాలు మూడు ఉన్నాయి, మూడూ పావుగంట పనే. వెనక కూర్చునే మనిషి ఉన్నప్పుడు టైర్లలో పట్టవలసిన గాలి ఎంతో కంపెనీ పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది. సామానుతో వెళ్ళేటప్పుడు ఆ అంకె ప్రకారమే పట్టించాలి. షాక్ అబ్జార్బరు స్ప్రింగు బిగువును సి-స్పానరుతో (కొక్కెంలా వంగిన స్పానరు) ఒకటి రెండు మెట్లు పెంచుకోవాలి. వెనక భాగం దిగినప్పుడు హెడ్‌లైటు వెలుగు పైకి లేచి ఎదురుగా వచ్చేవారి కళ్ళలో పడుతుంది కనుక దానిని కొద్దిగా కిందికి దించుకోవాలి.

గట్టి అల్యూమినియం పెట్టెలా, మెత్తని సంచులా అని నన్ను తరచుగా అడుగుతుంటారు. పెట్టెకు తాళం ఉంటుంది, లాడ్జి ముందు బండి వదిలి నిశ్చింతగా భోజనానికి వెళ్ళవచ్చు, వాన లోపలికి రాదు. అయినా నేను సంచుల వైపే మొగ్గుతాను. బురదలో కాలు ఆనించినప్పుడు పెట్టె అంచు పిక్కకు కొట్టుకుంటుంది, బండి పక్కకు పడితే కాలు దాని కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. సంచులతో వచ్చే ఇబ్బంది వాన. బయట తొడిగే కవరు పై నుంచి పడే వానను ఆపుతుంది గాని, వెనక చక్రం కింది నుంచి చిమ్మే బురదనీటిని ఆపలేదు. అందుకే బట్టలను మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, మూతిని మూడుసార్లు మడిచి ఆ తరువాతే బ్యాగులో ఉంచుతాను.

మనాలి నుంచి లేహ్‌కు వెళ్ళినప్పుడు ఈ సామానుకు పెట్రోలు తోడైంది. అటల్ సొరంగం దాటాక చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ప్రసిద్ధమైనది. 13 లీటర్ల ట్యాంకు మామూలు రోడ్డు మీద ఆ దూరానికి చాలుతుంది గాని, బారాలాచా, తంగ్లాంగ్ లా వంటి ఎత్తైన కనుమలలో చిన్న గేర్ల మీద ఎక్కుతూ ఆ లెక్కను నమ్ముకోలేం. 5 లీటర్ల లోహపు డబ్బాలో పెట్రోలు తీసుకున్నాను. నీటికంటే తేలిక కాబట్టి అది నాలుగు కిలోలలోపే తూగుతుంది. దానిని సైలెన్సరుకు దూరంగా ఎడమవైపున కట్టి, సరితూగేందుకు నీళ్ళ సీసాలన్నీ కుడి సంచిలోకి మార్చాను. ఎత్తుకు పోయేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గి డబ్బా ఉబ్బుతుంది, అందుకే మూతి దాకా నింపకూడదు. సర్చూ దాటాక గాటా లూప్స్ 21 మలుపులు ఎక్కేముందు ఆ పెట్రోలును ట్యాంకులో పోసేసి, ఎడమవైపు తగ్గిన బరువుకు తగినట్లు నీళ్ళను మళ్ళీ సర్దాను. మలుపుల్లో బండి కుడికీ ఎడమకూ ఒకే తీరుగా వాలుతుంటే కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఎక్కడికి బయలుదేరినా మొదటి టీ ఊరు దాటగానే తాగుతాను: విజయవాడ వైపైతే పెద్ద అంబర్‌పేట దాటాక, నాగపూర్ వైపైతే మేడ్చల్ దాటాక. బట్టల సంచి ఆ మొదటి అరగంట కుదుపులకు అణిగి కూర్చుంటుంది, ఇంట్లో బిర్రుగా ఉన్న పట్టీ కింద ఒక వేలు దూరుతుంది. గ్లాసు చేతికి వచ్చేలోపు నాలుగు బకిళ్ళనూ మరొకసారి లాగి బిగిస్తాను.