సత్రం భూమి, నిజాం డబ్బు, మా బాబాయి

పోయిన నెల నాన్ననీ బాబాయినీ కారెక్కించుకుని రాజమండ్రి వెళ్ళా, ప్లీడరు గారి దగ్గరికి. విషయం మా ముత్తాత గారి సత్రం భూమి. అన్నవరం నడిచి వెళ్ళే జనం కోసం ఆయన ఒక సత్రం కట్టించి, దాని ఖర్చుకి నాలుగెకరాలు రాసిచ్చారు, పెద్దకొడుకు సంతతివాళ్ళు ధర్మకర్తలుగా చూసుకోవాలని. మా పెదనాన్న చూసుకునేవారు. 1994లో రెండెకరాలు అమ్మేశారు, 2006లో పోయారు, మిగతా రెండెకరాలు ఇప్పుడు ఆయన కొడుకు పాస్‌బుక్కులో ఉన్నాయి. సత్రం ఎప్పుడో పడిపోయింది, పక్క నుంచి రోడ్డు వెడల్పయింది, రేటు ఎంతయిందో మీరే ఊహించుకోండి.

బాబాయిది దారి పొడుగునా ఒకటే పాట. "నిజాం డబ్బు డెబ్బై ఏళ్ళ తర్వాత రాలేదూ? మనది ఎంత, నిన్న మొన్నటిది!" వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫార్వర్డ్ చూపిస్తూనే ఉన్నాడు, నేను డ్రైవింగ్‌లో ఉన్నా సరే.

నిజాం డబ్బు సంగతి నిజమే. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది కదా, సరిగ్గా ఆ గందరగోళంలో, 20వ తేదీన లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా అకౌంటుకి మారిపోయాయి. మార్పించింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. 27కల్లా నిజాం నుంచి బ్యాంకుకి తంతి వెళ్ళింది, ఇది నా అనుమతితో జరగలేదు, నా డబ్బు నాకిచ్చేయండి అని. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. 1954లో ఆయన దావా వేస్తే 1957లో అక్కడి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇంకో దేశం మీద ఇక్కడ దావా నడవదు పొమ్మంది. అంతే, అది అక్కడే ఉండిపోయింది, వడ్డీ పెరుగుతూ. చివరికి 2013లో పాకిస్తానే కోర్టుకెళ్ళి ఆ రక్షణ తనంతట తానే పోగొట్టుకుంది. 2019 అక్టోబర్ 2న తీర్పొచ్చేసరికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు. హైకమిషనర్ ఆ డబ్బుని నిజాం తరఫున ట్రస్టీగా పెట్టుకున్నాడే తప్ప పాకిస్తాన్‌ది కాదు అన్నారు జడ్జి గారు, గడువు దాటిపోయిందన్న వాదన కూడా కొట్టేశారు. భారత ప్రభుత్వం, నిజాం మనవలు ముకర్రం జా, ముఫఖం జా ముందే రాజీ పడి ఒకే వైపు నిలబడ్డారు, గెలిచారు.

ప్లీడరు గారు బాబాయి చెప్పిందంతా విన్నారు. పెద్దాయన, మాట్లాడేటప్పుడు పెన్సిల్‌ని వేళ్ళ మధ్య తిప్పుతుంటారు. "నిజాం గారు వారం తిరిగేసరికి అడిగారండీ. మీరెప్పుడు అడిగారు?" అన్నారు.

బాబాయి ఛాతీ విరుచుకుని, "2007 సంక్రాంతికే అడిగాం సార్, పదిమంది పెద్దల ముందు. ఇవ్వను, ఇందులో మీకేం లేదు, చేతనైంది చేసుకోండి అన్నాడు మా అన్నయ్య కొడుకు. సాక్షులు కూడా ఉన్నారు" అన్నాడు.

పెన్సిల్ ఆగింది. ఆయన ఆ తేదీ రాసుకుని కింద గీత గీశారు. బాబాయి గొప్పగా చెప్పిన ఆ ఒక్క మాటే మా కేసు పీక నొక్కేసిందని నాకు ఆ గీత చూశాకే అనుమానమొచ్చింది. ఉమ్మడి ఆస్తిలో నీకు వాటా లేదు పొమ్మన్నారని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ళట. అంటే 2019తో సరి. అవతలివాళ్ళు గడువు మాట ఎత్తకపోయినా కోర్టు తనే చూసి కొట్టేయాలట, ఆలస్యానికి మన్నించమని అడిగే వీలు అప్పీళ్ళకి ఉంది గానీ దావాకి లేదట.

ఊళ్ళో ప్రామిసరీ నోటు సంగతి అందరికీ తెలుసు. మూడేళ్ళు దగ్గర పడుతున్నాయంటే అప్పిచ్చినవాడు వచ్చి, కనీసం ఒక వంద అయినా కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టమంటాడు, లేకపోతే కాలదోషం పడుతుందని. మా బాబాయే ఎంతమంది చేత అలా సంతకాలు పెట్టించాడో. నోటు విషయంలో అంత జాగ్రత్త ఉన్న మనిషి భూమి విషయంలో పదిహేడేళ్ళు ఊరుకున్నాడు, ఎందుకంటే "మనవాళ్ళే కదా, ఎక్కడికి పోతుంది" అని.

అప్పుడు నాన్న సంచిలోంచి అసలు దస్తావేజు తీశారు. బట్టల షాపు కవర్లో మడిచి పెట్టింది, కలరా ఉండల వాసన, మడత పెట్టిన చోటల్లా చిరుగు. ప్లీడరు గారు దాన్ని చదివి మొహం మార్చారు. సత్రానికి రాసిచ్చిన ఆస్తి అయితే లెక్క వేరట. లిమిటేషన్ చట్టం (దావాల గడువు చెప్పేది) సెక్షన్ 10 ప్రకారం ధర్మానికి రాసిన ఆస్తిని చూసుకునేవాడు ట్రస్టీ కింద లెక్క, అతని దగ్గర నుంచి గానీ అతని వారసుల దగ్గర నుంచి గానీ ఆ ఆస్తి రాబట్టడానికి ఎన్నేళ్ళయినా గడువు ఉండదు. డబ్బిచ్చి కొన్నవాడికి మాత్రం ఇది వర్తించదు, అక్కడ మళ్ళీ పన్నెండేళ్ళు, అదీ అమ్మిన ధర్మకర్త పోయిన రోజు నుంచా లేక కొత్త ధర్మకర్త వచ్చిన రోజు నుంచా, ఏది ఆలస్యమైతే అది. పెదనాన్న తర్వాత ఎవరినీ సరిగ్గా నియమించనే లేదు కాబట్టి అందులో వాదించే చోటుంది అన్నారు, పైగా దేవాదాయ శాఖ అనుమతి లేకుండా అమ్మిందైతే ఆ అమ్మకం మీదే గొడవ పెట్టొచ్చట.

బాబాయి మొహం వెలిగిపోయింది. "అంటే వస్తుందన్నమాట!"

"వస్తే సత్రానికి వస్తుందండీ" అన్నారాయన.

ఎవరూ మాట్లాడలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నా. నిజాం విషయంలో ట్రస్టు ఎవరి కోసమంటే నిజాం కోసమే, అందుకే తీర్పు ఆయన మనవలున్న వైపుకి వచ్చింది. మా ముత్తాత రాసింది దారిన పోయేవాళ్ళ కోసం. మాది ఉమ్మడి ఆస్తి అంటే వాటా ఉంది, టైం లేదు. సత్రానిది అంటే టైం ఉంది, వాటా లేదు. (నా వాటా సంగతి కారులో ఎవరూ ఎత్తలేదు, అది ఇంకో పోస్టు.)

ఏదంటారో ఆలోచించుకుని చెప్పండి, రెండూ ఒకే దావాలో రాయలేను అన్నారు ప్లీడరు గారు, ఫీజు తీసుకోలేదు. వచ్చేటప్పుడు బాబాయి నిజాం ఊసెత్తలేదు. తుని దగ్గర టీకి ఆపితే గ్లాసు చేతిలో పట్టుకుని నాన్నని మెల్లగా అడిగాడు, "ఒరే అన్నయ్యా, ఈ కాగితం ఇంకెవరి దగ్గరైనా ఉందంటావా?"

నాన్న సమాధానం చెప్పలేదు. ఇంటికొచ్చాక దస్తావేజు ఎప్పుడూ పెట్టే బీరువాలో కాకుండా అమ్మ పూజ గూట్లో, పసుపు డబ్బా కింద పెట్టారు.