చేత్తో చీల్చిన బద్ద

మా ఇంట్లో పూలు పెట్టుకునే చిన్న వెదురు బుట్ట ఒకటి ఉంది. జపానులోని బెప్పు పట్టణంలో కొన్నది. బోర్లించి చూస్తే అడుగున ఆరు మూలల కన్నుల అల్లిక కనిపిస్తుంది. ఎక్కడా మేకు లేదు. చిన్నప్పుడు మేదరుల వాకిళ్లలో చేటలు, తట్టలు అల్లుతుండగా చూసినందువల్ల కాబోలు, నా చూపు అల్లిక కంటే ముందు బద్దల మీదికి పోయింది. ఏ బద్దను తడిమినా ఒకే మందం, ఒకే వెడల్పు.

మూడు నాలుగేళ్లు ముదిరిన మదాకే వెదురును చలికాలంలో నరికి, కాస్టిక్ సోడా కలిపిన నీటిలో ఉడికించి, పైకి తేలిన జిడ్డును తుడిచి ఎండబెడతారు. పచ్చదనం పోయి దంతపు రంగు తేలిన ఆ వెదురును సగానికి, మళ్లీ సగానికి చీలుస్తూ, లోపలి మెత్తటి పొరను ఒలిచి, చెక్కమొద్దు మీద గుచ్చిన రెండు కత్తుల సందులోంచి ఒక్కొక్క బద్దనే లాగుతారు. వెదురు చీల్చడం పట్టుబడటానికే మూడేళ్లని అక్కడి నానుడి.

బెప్పు వేడినీటి ఊటల ఊరు. వైద్యం కోసం వచ్చి వారాల తరబడి ఉండేవారు వంటకు బుట్టలు కొనుక్కుని, వెళ్లేటప్పుడు ఇంటికీ పట్టుకుపోయేవారు. ఒసాకాలో మాత్రం కథ వేరు. అక్కడ 19వ శతాబ్దపు తేనీటి రసికులు చైనా బుట్టలపై మోజు పడగా, వాటి తరహాలో అల్లిన, తరాలుగా ఒకే పేరు కొనసాగే ఇంటిలో మొదటి తరం వాడైన హయకావా షోకోసాయ్ (1815–1897) తన బుట్టలపై సంతకం పెట్టిన తొలి పనివాడిగా పేరు పొందాడు. 1967లో బెప్పుకు చెందిన షోనో షోఉన్‌సాయ్‌కు, వెదురు పనిలో మొట్టమొదటిసారిగా, గొప్ప చేతిపనివాళ్లకు జపాను ప్రభుత్వం ఇచ్చే ‘సజీవ జాతీయ నిధి’ గౌరవం దక్కింది.

అయితే అప్పటికే వంటింటి బుట్ట స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చేసింది. పైగా సుమారు 120 ఏళ్లకొకసారి పూసే మదాకే ఆ రోజుల్లోనే పూసి, తోపులకు తోపులే ఎండిపోయాయి. తరువాత అమెరికాకు చెందిన లాయిడ్ కాట్సెన్ వంటి సేకర్తలు ముందుకు వచ్చారు; ఆయన కూడబెట్టిన వందలాది బుట్టలు ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆసియా కళల మ్యూజియంలో ఉన్నాయి. 2017లో వెదురు కళాకారుడు, నాలుగవ తరం తనాబే చికుఉన్‌సాయ్ న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో పులిచారల వెదురుతో నేల నుంచి పైకప్పు దాకా అల్లుకుపోయే నిర్మాణం కట్టాడు. ప్రదర్శన ముగిశాక విప్పి, ఆ బద్దలనే మరో చోట వాడటం ఆయన పద్ధతి.

మ్యూజియాలు పేరు తెచ్చాయి, నిజమే. పనిని నిలబెట్టింది మాత్రం, నా దృష్టిలో, బెప్పులో ఓయితా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ప్రభుత్వం నడిపే వెదురు పని శిక్షణ కేంద్రమే. ఇంట్లో తాత, తండ్రి ఈ పని చేయకపోయినా అక్కడ చేరి, రెండేళ్లు కూర్చుని నేర్చుకోవచ్చు.

నిరుడు మా బుట్ట అంచు కట్టు ఊడిపోతే, ఊళ్లోని మేదరి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక బద్దను గోటితో నొక్కి చూసి, "ఇది మిషను కోత కాదు బాబూ, చేత్తో చీల్చిందే" అని, తన వెదురు దబ్బతోనే కొత్త కట్టు వేసి ఇచ్చారు. అది మిగతా కట్ల కంటే కాస్త లావుగా ఉంది.