డయోడ్ మోడ్‌లో పాసై, లోడ్ పడగానే చతికిలబడే షాట్కీ: నా అనుభవం

12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డు. లోడ్ పెట్టిన కాసేపటికి టిక్ టిక్‌మంటూ ఆగి ఆగి మొదలవుతోంది. ఇలాంటి చోట నేను ముందు చూసేది సెకండరీలో (అవుట్‌పుట్ వైపు) హీట్‌సింక్‌కి బిగించిన షాట్కీని, అంటే తక్కువ వోల్టేజి డ్రాప్‌తో వేగంగా పనిచేసే డయోడ్‌ని. ఇందులో ఉన్నది ఎంబీఆర్20100సీటీ: మూడు కాళ్లు, లోపల రెండు డయోడ్లు, మధ్య కాలూ వెనక రేకూ ఉమ్మడి క్యాథోడ్ (కరెంటు బయటికొచ్చే కొన).

మల్టీమీటరు పెట్టేముందు ప్రైమరీలోని (మెయిన్స్ వైపు) పెద్ద కెపాసిటర్ ఖాళీ చేయాలి. 230 వోల్టుల మెయిన్స్ అయితే అందులో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకినా వెంటనే పోదు. 4.7 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కాసేపు ఆనించి, డీసీ రేంజిలో సున్నా చూశాకే ముందుకెళ్లాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పద్ధతి నాకు నచ్చదు.

ముందు బోర్డు మీదే డయోడ్ మోడ్‌లో చూశాను; అందులో మీటరు కొద్దిపాటి కరెంటు పంపి, ప్రోబ్‌ల మధ్య వోల్టులు చూపిస్తుంది. ఎర్ర ప్రోబ్ పక్క కాలికి, నల్లది మధ్య కాలికి పెడితే 0.17. ప్రోబ్‌లు మారిస్తే అంకె 0.3, 0.5, 0.8 అంటూ మెల్లగా ఎక్కి 1 దాటబోతూ ఆగింది. అది డయోడ్ రీడింగ్ కాదు. మీటరు పంపే సుమారు ఒక మిల్లీయాంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ గుండా వెళ్లి అవుట్‌పుట్ కెపాసిటర్‌ని నింపుతోంది. దానికి సమాంతరంగా ఉన్న 1 కిలోఓమ్ రెసిస్టర్ వల్ల అంకె అక్కడ నిలబడింది. పక్క కాళ్ల రెండింటి మధ్య బీప్ వచ్చినా కంగారక్కర్లేదు, ఈ బోర్డులో ట్రాక్ వాటిని కలిపే ఉంచింది. ఎటు పెట్టినా 0.00 దగ్గరే పడి ఉంటే అనుమానించాలి. కానీ అవుట్‌పుట్ కెపాసిటర్ షార్టయినా కొంత ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి పీకకుండా తేల్చలేం.

పీకాక చల్లారనివ్వాలి. డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు రీడింగ్ తగ్గుతుంది, లీకేజీ (తిరగేసినప్పుడు కారే కరెంటు) అయితే ఇంకా వేగంగా పెరుగుతుంది. చల్లారాక 1ఎన్4007 లాంటి సిలికాన్ రెక్టిఫయర్ 0.5 నుంచి 0.65 మధ్య, షాట్కీ 0.15 నుంచి 0.3 మధ్య చూపాలి. ప్రోబ్‌లు తిప్పితే రెండూ ఓఎల్ (కరెంటు పోవట్లేదని మీటరు చూపే గుర్తు). డేటాషీట్‌లో 1ఎన్4007కి 1.1 వోల్టులని ఉంటుంది, అది ఒక యాంపియర్ దగ్గర గరిష్ఠం. మీటరు అంకెను దానితో పోల్చకూడదు. బీప్, డయోడ్ ఒకే మోడ్‌లో ఉన్న కొన్ని మీటర్లు మంచి షాట్కీకి కూడా బీప్ కొడతాయి, అంకె చూడాలి. పాత ముల్లు మీటర్లలో ఓమ్స్ రేంజిలో నల్ల ప్రోబే పాజిటివ్.

ఈ షాట్కీ రెండు సగాలూ 0.18, తిప్పితే ఓఎల్. అంటే పాస్. కానీ మీటరు ఇచ్చేది మహా అయితే 2, 3 వోల్టులు. 100 వోల్టులు తట్టుకోవాల్సిన డయోడ్ 30 వోల్టుల దగ్గరే కారుతుంటే దానికెలా తెలుస్తుంది? అందుకే బెంచ్ సప్లైని (వోల్టేజి మార్చుకోగల డీసీ సప్లై) 30 వోల్టులకు పెట్టి, ప్లస్ నుంచి 10 కిలోఓమ్ రెసిస్టర్ గుండా మధ్య కాలికి, మైనస్ పక్క కాలికి ఇచ్చి, రెసిస్టర్ మీద వోల్టేజి చూశాను. ఒక వోల్టుకి 100 మైక్రోయాంపియర్ల లెక్క. డయోడ్ పూర్తిగా షార్టయినా 3 మిల్లీయాంపియర్లే, పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. ఒక సగం 20 మిల్లీవోల్టుల దగ్గర కదలకుండా ఉంది. రెండోది 2.4 వోల్టులు చూపి, పైకి పాకుతూనే పోయింది. వేడి చేస్తే మంచి షాట్కీ కూడా కారుతుంది, చల్లారితే తిరిగి దిగుతుంది. ఇది దిగలేదు.

ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జికి ఈ తంటా లేదు: మైనస్ నుంచి ఒక్కో ఏసీ కాలికి, అక్కణ్నుంచి ప్లస్‌కి నాలుగు రీడింగ్‌లు 0.5 చుట్టూ, ఏసీ కాళ్ల మధ్య ఎటు చూసినా ఓఎల్.

షాట్కీ బదులు 1ఎన్4007 ఎప్పుడూ పెట్టకూడదు, పదుల కిలోహెర్ట్జ్ దగ్గర అది ఆఫ్ అయ్యేలోపే వోల్టేజి తిరగబడి కాలిపోతుంది. అదే నంబరు కొత్తది తెచ్చి, బిగించేముందు దాన్నీ 30 వోల్టుల మీద చూశాను. సిలికాన్ ప్యాడ్ వేసి స్క్రూ బిగించాక రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య ఓఎల్ వచ్చాకే సోల్డర్ చేశాను.